ఎక్కువ పాడినవాడి ఇంట్లో నీళ్లు

2009 దీపావళికి నాలుగు రోజుల ముందు సదానందం చేత అతని సేఠు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. బోనస్ కాగితమని చెప్పాడు. అది మరాఠీలో ఉంది. సదానందానికి తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి, పదకొండు వేల రూపాయలూ ఒక మిఠాయి డబ్బా తీసుకుని ఇంటికొచ్చాడు. పండుగ అయ్యాక పనికి పోతే కార్ఖానా గేటుకు తాళం వేసి ఉంది. సేఠు మగ్గాలన్నీ తూకానికి అమ్మేశాడు. లేబర్ ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం నకలు తీసి చదివి వినిపించాడు. నా ఇష్టంతోనే పని మానుకుంటున్నాను, పంతొమ్మిదేళ్ల పనికి రావలసిందంతా ముట్టింది, ఇక నాకు సేఠుతో ఏ లెక్కా లేదు అని అందులో ఉంది. ఈ సంతకం నీదేనా అని గుమాస్తా అడిగాడు. సంతకం అతనిదే.

సదానందం జాబర్. కరెంటు మగ్గాలను మా వాళ్లు సాంచాలంటారు. ఆగిపోయిన సాంచాను మళ్లీ నడిపించేవాడు జాబర్. కరీంనగర్ వైపు నుంచి 1990లో ముంబై దగ్గరున్న భివండీకి వచ్చాడు. అక్కడి పద్మానగర్‌లో మా గదికి ఎదురుగా వాళ్ల గది. నేను అతన్ని కాక అనీ, భార్య బుచ్చమ్మను చిన్నమ్మ అనీ పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న అతని దగ్గర పని నేర్చుకున్నాడు, అంతే.

ఆ సంతకం తరువాత కాకకు కాగితాల మీద పట్టింపు పెరిగింది. ఎవరి నోటి మాటా నమ్మేవాడు కాదు. గది కిరాయికి రసీదు అడిగేవాడు. పాలవాడి చేత కూడా నెలకోసారి చీటీ రాయించుకునేవాడు. అవన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టేవాడు.

"నన్ను చేసుకున్ననాడు రసీదు తీసుకోకపోతివి. ఇప్పుడు వాపసు ఇద్దామంటే ఎవ్వడు తీసుకోడు," అని చిన్నమ్మ ఎగతాళి చేసేది.

మా గల్లీలో చిట్టి కూడా అతనే నడిపేవాడు. ఇరవై మంది, నెలకు తలా ఐదు వేలు, మొత్తం లక్ష. నెలలో మొదటి ఆదివారం పాట. డబ్బు అవసరమున్నవాడు లక్షలో ఇంత వదులుకుంటానని పాడాలి. ఒకడు పది వేలంటే ఇంకొకడు పదిహేనంటాడు. అందరికంటే ఎక్కువ వదులుకున్నవాడిదే చిట్టి. వదిలిన డబ్బును మిగతావాళ్లు పంచుకుంటారు. కాబట్టి పాట పైకి పోతున్నకొద్దీ కూర్చున్నవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. సదానందం మొహం మాత్రం ముడుచుకునేది. పాట ముప్పై వేలు దాటగానే చెయ్యెత్తి ఆపేవాడు.

"ఆగు బిడ్డ. రేపు మీ ఇంట్ల నీళ్లు తాగొస్త. అటెన్క చూద్దాం."

ఆ మాటకు మా గల్లీలో అందరూ భయపడేవాళ్లు. మరునాడు నిజంగానే వెళ్లేవాడు. గడప దగ్గర కూర్చుని మంచినీళ్లు అడిగేవాడు. నీళ్లు తాగేలోపల ఇల్లు మొత్తం చూసేవాడు. బియ్యం డబ్బా మూత దుమ్ము పట్టి ఉందా, ఆ ఇంటావిడ చెవుల్లో బంగారం ఉందా పుల్లలున్నాయా, గ్యాస్ బండకు రెగ్యులేటర్ తగిలించి ఉందా లేదా అని చూసేవాడు. ఒకసారి దేవయ్య ముప్పై ఎనిమిది వేలకు పాడాడు. దేవయ్య బట్టల మూటలు మోసే టెంపో నడిపేవాడు. అతని ఇంట్లో కాక నీళ్లు తాగి, ఆ తరువాత చాయ్ అడిగాడు. చక్కెర కోసం ఇంటావిడ పక్క గదికి వెళ్లింది. చాయ్ పొడి కోసం మళ్లీ వెళ్లింది. కాక చాయ్ తాగి వచ్చి చిట్టి ఇవ్వనన్నాడు. దేవయ్య గల్లీలో నిలబడి అమ్మనా బూతులు తిట్టాడు. మరుసటి నెల కాక ఇద్దరి జమానతు, అంటే పూచీ, అడిగి పద్దెనిమిది వేల పాట మీద చిట్టి ఇచ్చాడు.

నాకు అప్పుడు పదహారేళ్లు. ఎక్కువ వదులుకుంటే మనకే లాభం కదా, ఎందుకు ఆపావని అడిగాను.

"ఓరి కిట్టూ, కట్టే ఆలోచన ఉన్నోడు లెక్క చేస్తడు. ముప్పై ఎనిమిదంటే కట్టెదెట్ల అని ఇంటికాడ లెక్క వేసుకొని వస్తడు. వీడు లెక్క చేస్తలేడు. వాడు చిట్టి పాడుతలేడు, మొత్తుకుంటున్నడు."

ఇరవై రెండేళ్లు ఆ చిట్టి నడిచింది. ఒక్కడూ ఎగ్గొట్టలేదు. తరువాత నేను ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని చదవడం మొదలుపెట్టాక, వడ్డీ గురించీ ప్రమాదం గురించీ పెద్ద పెద్ద పట్టికలు వేసిన పుస్తకం ఒకటి దొరికింది. నాలుగు వందల పేజీలు. కాక చెయ్యెత్తి ఆపడానికి మించి అందులో ఏమీ కనబడలేదు.

2021లో కాకకు దగ్గు పట్టింది. ఆరు నెలలైనా పోలేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి, దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది, ఇక కార్ఖానా మానెయ్యాలి అన్నాడు. మానెయ్యమని చెప్పినందుకు నాలుగు వందలు తీసుకున్నాడు. మానేసి ఏం తినాలో చెప్పలేదు.

సేఠు మోసం చేశాక పన్నెండేళ్లు నాలుగు కార్ఖానాలు తిరిగి కాక కూడబెట్టింది బ్యాంకులో ఏడు లక్షలుంది. ఇద్దరికీ గది కిరాయి, తిండి, మందులు కలిపి నెలకు పన్నెండు వేలు కావాలి. చిన్నమ్మ కండెలు చుట్టే పనిలో ఐదు వేలు తెచ్చేది. ఏడు వేలు తక్కువ. ఏడు లక్షలకు బ్యాంకు ఏడు శాతం ఇస్తుంది. అంటే నెలకు నాలుగు వేల చిల్లర. ఆ చిల్లరతో కార్ఖానా మానడం కుదరదు. అసలు నుంచి తీసుకుని తింటే పదేళ్లకో పన్నెండేళ్లకో డబ్బయిపోతుంది, మనుషులు మిగులుతారు. ఈ లెక్క కాక పలక మీద వేసి నాకు చూపించాడు. చూపిస్తున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు.

అప్పుడు రూపేష్ వచ్చాడు. మా గల్లీ పిల్లవాడే. మరాఠీ బడిలో చదివాడు. ధామన్కర్ నాకా దగ్గర ఫోన్ల దుకాణం పైన చిన్న ఆఫీసు పెట్టుకుని పాన్ కార్డులు, ఇన్సూరెన్సులు చేయిస్తుంటాడు. మెరిసే కాగితం మీద అచ్చువేసిన ఫారం ఒకటి తెచ్చాడు. లారీలకూ టెంపోలకూ అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీ బాండ్లు. ఐదేళ్లు. పదమూడున్నర శాతం. వడ్డీ నెల నెలా ఖాతాలో పడుతుంది.

"టెన్షన్ నకో కాక. సెక్యూర్డ్ బాండ్ ఆహె. మా మమ్మీ పైసల్ గుడ ఇందులనే పెట్టిన, ఖరంచ్, నిజం."

అది అబద్ధం కాదు. వాళ్ల అమ్మ డబ్బు కూడా అందులోనే పోయింది.

పదమూడున్నర అంటే నెలకు ఏడు వేల ఎనిమిది వందల డెబ్భై అయిదు. కాక పలక మీద అంకె వేసి చాలాసేపు చూశాడు. ఏడు శాతమైతే కార్ఖానా, పదమూడున్నర అయితే ఇల్లు. మూడో దారి లేదు. డబ్బున్నవాడికి పదమూడున్నర అంటే ఆశ. కాకకు అది ఊపిరి.

"బ్యాంకోడు ఏడు ఇస్తున్నడు," అంది చిన్నమ్మ. "వీళ్లు పదమూడున్నర ఎందుకిస్తున్నరు? మన మొఖం చూసా?"

"కంపెనీ లారీవాలాలకు ఇరవై రెండుకు ఇస్తది కాకీ. అందుకే మనకు పదమూడు ఇయ్యగల్గుతది," అన్నాడు రూపేష్.

"బ్యాంకు గుడ లారీలకిస్తది గదా? మరి వీళ్లకాడికి వచ్చే లారీలు ఏ లారీలు?"

రూపేష్ నవ్వాడు. కాక ఆమె ముఖం చూడలేదు.

నేను మాన్కోలి గోదాములో పార్సిళ్లు స్కాన్ చేసే పనిలో ఉన్నాను. ఇంగ్లీషు డిక్షనరీ పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఆ కంపెనీ వివరాల పుస్తకం ఫోన్‌లో దింపుకుని రెండు ఆదివారాలు కూర్చుని చదివాను. అందులో ఇరవై రెండు పేజీలు రాగల నష్టాల గురించే. మా దగ్గర అప్పు తీసుకున్నవాళ్లు కట్టకపోవచ్చు, మేము మీకు వడ్డీ చెల్లించలేకపోవచ్చు, అసలు కూడా పోవచ్చు అని వాళ్లే రాశారు. కాకకు చదివి చెప్పాను.

"గట్ల బీడీ కట్ట మీద గుడ రాస్తరు," అన్నాడు. "బీడీలు అమ్ముడు పోతలేవా?"

"సగం పెట్టు కాక. సగం బ్యాంకులనే ఉంచు."

"సగం పెడ్తే, సగం దినం కార్ఖానాకు పోవాల్నా?"

ఫోన్ జేబులో పెట్టేశాను. అడ్డుపడే మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ అవి గెలిస్తే అతను మళ్లీ దుమ్ములోకి వెళ్లాలి. ఎదుటి మనిషి దగ్గుతుంటే ఇరవై రెండు పేజీల ఇంగ్లీషు ఏ పాటి? తప్పుకోవడానికి ఇది మంచి సాకు అని నాకు తెలుసు. ఆ సాకు మీదే ఇన్నేళ్లు గడిపాను.

కాక మూర్ఖుడు కాదు. ఇరవై రెండేళ్లు పాట ఆపిన మనిషి. చెయ్యెత్తి రూపేష్‌ను ఆపాడు.

"ముందుగాల వాళ్లింట్ల నీళ్లు తాగొస్త."

రూపేష్‌కు అర్థం కాలేదు. థానే నగరంలో కంపెనీ ఆఫీసు ఉందంటే కాక అక్కడికే తీసుకుపొమ్మన్నాడు. ముగ్గురం షేర్ ఆటోలో కాశేలి వంతెన మీదుగా వెళ్లాం. కాక ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది. నమ్రత అనే మేనేజర్ లేచి నిలబడి, "యా కాకా, బసా," అని సోఫా చూపించింది. భివండీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఒక ఆఫీసులో ఎవరైనా లేచి నిలబడటం అదే మొదటిసారి.

కాక నీళ్లు అడిగాడు. సీసా మీద చెమట పట్టిన చల్లటి నీళ్లు, గాజు గ్లాసు, దాని కింద చిన్న గుడ్డ ముక్క పెట్టి తెచ్చారు. మెల్లగా తాగుతూ చూశాడు. పదహారు మంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. కుండీలో మొక్క ఆకులు తుడిచి ఉన్నాయి. నేల మీద మన ముఖం కనబడుతోంది. చాయ్ అడిగాడు. పళ్లెంలో బిస్కెట్లతో సహా వచ్చింది. చక్కెర వేరే గిన్నెలో తెచ్చారు, ఎవరూ పక్కింటికి పోలేదు. బాత్రూమ్ ఎక్కడని అడిగి వెళ్లి చూసొచ్చాడు.

మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యేశాడు. "సబ్బు గుడ ఉన్నదిర. ఇల్లు నిండుగున్నది."

అప్పటిదాకా అతని పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. అక్కడ తప్పింది. పేదవాడికి లేమి వచ్చినప్పుడు మొదట వంటింట్లో కనబడుతుంది. కంపెనీకి లేమి వచ్చినప్పుడు వంటిల్లే మొదట మెరుస్తుంది, ఎందుకంటే ఆ నేల తుడిపించేది, ఆ బిస్కెట్లు కొనేది మనలాంటివాళ్ల ఏడు లక్షలతోనే. ఆ కంపెనీ అసలు వంటిల్లు ఆ పదమూడున్నరలో ఉంది. దేవయ్య ముప్పై ఎనిమిది వేలు అన్నప్పుడు కాకకు వినబడిన మొత్తుకోలు ఇక్కడ వినబడలేదు. ఏసీ గదిలో అలాంటివి వినబడవు. పైగా ఏడు లక్షలూ పెట్టాక అచ్చు కాగితాలు ఇంటికొచ్చాయి, అతని పేరుతో, అంకెలతో, ముద్రతో. వాటిని రేకు డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టాడు.

పద్నాలుగు నెలలు వడ్డీ వచ్చింది.

ఆ పద్నాలుగు నెలలు సదానందం ఎలా ఉన్నాడో నేను రోజూ చూశాను. పొద్దున్నే గడప ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తెలుగు పేపరు చదివేవాడు. వెల్లుల్లి పొట్టు తీసేవాడు. నాలుగో నెలకు దగ్గు తగ్గింది. సాంచాల చప్పుడులో ముప్పై ఏళ్లు అరిచి మాట్లాడిన గొంతు కాబట్టి ఇంట్లో కూడా అరిచేవాడు. "ఈడ సాంచాలు లెవ్వు, నేను పక్కనే ఉన్న," అని చిన్నమ్మ గదిమేది. కొన్నాళ్లకు మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో.

పదకొండో నెలలో రూపేష్ కొత్త ఫారం తెచ్చాడు. అదే కంపెనీ, కొత్త బాండ్లు, పదిహేను శాతం. ఇంకెవరైనా ఉంటే చెప్పమన్నాడు.

కాక చేతిలో వెల్లుల్లి రెబ్బ అట్లాగే ఉండిపోయింది.

"నిరుడు పదమూడున్నర గదా?"

"హో. ఈసారి పంద్రా. చాంగ్లా ఆహె నా, మంచిగనే ఉన్నది గదా?"

"పాట పెంచుతున్నరు," అన్నాడు కాక. నాతో అన్నాడు, రూపేష్‌తో కాదు.

ఆ సాయంత్రం నేను ఫోన్‌లో వెతికాను. ఈ బాండ్లను బజారులో అమ్ముకోవచ్చు. కాక దగ్గర ఉన్న వెయ్యి రూపాయల కాగితాన్ని అప్పటికే ఎనిమిది వందల నలభైకి ఇచ్చేస్తున్నారు. ఎవరూ పెద్దగా కొనడం లేదు. తక్కువకు కొన్నవాడికి అదే వడ్డీ ఇంకా ఎక్కువ శాతంగా దొరుకుతుంది, అయినా కొనడానికి భయపడుతున్నారు. అంటే విషయం తెలిసినవాళ్లు బయటపడుతున్నారు. కాకకు చెప్పాను. ఇప్పుడమ్మితే లక్షా పన్నెండు వేలు పోతాయి, మిగతాది చేతికొస్తుంది అన్నాను.

పలక తీశాడు. ఐదు లక్షల ఎనభై ఎనిమిది వేలు. బ్యాంకు ఏడు శాతం. నెలకు మూడు వేల నాలుగు వందల ముప్పై. ఆ అంకె కింద గీత గీసి, పలక గోడకు ఆనించాడు.

"అది మునిగే పడవ కాక. నీకూ తెలుసు."

"ఎర్కనే."

"మరి?"

"ఈ నెలది పడ్డది గదా. ఇంకో నెల చూద్దాం."

మరుసటి నెల కూడా అదే మాట. ఆ మరుసటి నెల కూడా. చిట్టి పాటలో అతను బయట కూర్చుని చెయ్యెత్తేవాడు. ఇక్కడ అతనే లోపల ఉన్నాడు. బయటికొచ్చే తలుపు తెరిచే ఉంది, కానీ అది నేరుగా కార్ఖానాలోకే తెరుచుకుంది. ఒకరోజు నేను కోపంతో రూపేష్‌ను పిలిచి అమ్మించేస్తానన్నాను. చిన్నమ్మ నన్ను గల్లీ చివరికి తీసుకెళ్లింది.

"ఇప్పుడు మాన్పియ్యకురా. ఆయన తెల్లారేదాక నిద్రపోతున్నడు. ముప్పై ఏండ్లల్ల చూడలే నేను."

పదిహేనో నెల ఒకటో తారీకున వడ్డీ పడలేదు. ఐదో తారీకుకూ పడలేదు. పదో తారీకున నేనూ కాకా థానేకు పోయాం. అద్దం తలుపుకు లోపలి నుంచి గొలుసు వేసి ఉంది. కాపలావాడు ఒక ఫోన్ నంబరు రాసిన చీటీ ఇచ్చాడు. ఆ నంబరుకు చేస్తే పాట వినిపించేది. తరువాత ఉత్తరాలు మొదలయ్యాయి. కోర్టు, కమిటీ, బాండ్లు కొన్నవాళ్ల తరఫున ఉండే ట్రస్టీ. రూపాయికి ముప్పై పైసలు రావచ్చు, ఎప్పుడో చెప్పలేం అని వాటి సారాంశం. చివరికి చేతికొచ్చేది అమ్మి ఉంటే వచ్చేదానిలో సగం కూడా కాదు, అదీ వస్తేనే.

కాక ఎవరినీ తిట్టలేదు. రూపేష్ ముఖం చాటేస్తే పిలిచి చాయ్ ఇచ్చాడు. చిట్టి మాత్రం దేవయ్యకు అప్పజెప్పాడు. మూడు వారాల్లోనే కార్ఖానాకు వెళ్లాడు. వయసు మీద పడిందని ఇదివరకటి జీతం ఇవ్వలేదు. పద్దెనిమిది వేలొచ్చే మనిషి పదమూడుకు ఒప్పుకున్నాడు.

పోయిన నెల ట్రస్టీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. చిన్నమ్మ ఇస్తే పట్టుకుని మధ్యాహ్నం కార్ఖానాకు వెళ్లాను. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి. దూది గాలిలో తేలుతోంది. కాక ఒక ఆగిన సాంచా కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. వెంట్రుకలు, కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. వయసు వల్ల ఎంతో, దూది వల్ల ఎంతో తెలియలేదు. నన్ను చూసి లేచి కూర్చుని దగ్గాడు. ఉత్తరం విషయం చెవిలో అరిచి చెప్పాను. తల ఊపాడు. చదవమని కూడా అనలేదు.

వెళ్లిపోవాల్సింది. వెళ్లలేకపోయాను. మళ్లీ వంగి అతని చెవిలో అరిచాను.

"ఆనాడు నేను గట్టిగ అడ్డం పడాల్సి ఉండె కాక!"

చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ నన్ను చూశాడు. ఇంట్లో నేర్చుకున్న మెల్లటి గొంతు పోయింది. పాత అరుపే.

"అడ్డం పడ్తే ఏమైతుండెరా? పైసలు బ్యాంకుల ఉంటుండె, నేను ఈడ ఉంటుంటి. ఇప్పుడు పైసలు లెవ్వు, నేను ఈడనే ఉన్న. నడుమ పద్నాలుగు నెలలు ఇంట్ల కూసున్న. అది ఏ బ్యాంకు ఇస్తుండె నాకు? జరుగు, ఎల్తురుకు అడ్డమున్నవ్."